తాబేలు తొట్టి శుభ్రత: తేట నీరు చెప్పని సంగతులు

నాణెమంత తాబేలు పిల్లను ఇంటికి తెచ్చుకున్నవారికి మొదటి వారంలోనే ఎదురయ్యే ప్రశ్న, తొట్టిలో నీరు ఎన్నాళ్ళకొకసారి మార్చాలన్నది. అమ్మినవారు రోజూ మొత్తం నీరు పారబోయమంటారు. చేపలు పెంచే మిత్రులు అప్పుడప్పుడు కొంత మారిస్తే చాలంటారు. పశువైద్యులు ముందు తొట్టిలో ఎన్ని లీటర్లు పడతాయో చెప్పమంటారు. వీరిలో ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు. ఒక్కటిగా కనిపించే ఈ ప్రశ్నలో మూడు వేర్వేరు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి: నీరు కంటికి ఎలా కనిపిస్తోంది, అందులో కరిగిన వ్యర్థాలు ఎంత ఉన్నాయి, మనుషులకు జబ్బు తెచ్చే క్రిములు అందులో ఉన్నాయా. ఒకదానికి మేలు చేసే పని మరొకదానికి కీడు చేసే సందర్భాలు ఉండటం వల్లనే వినవచ్చే సలహాలు ఒకదానితో ఒకటి పొసగవు. అందుకే ఈ మూడింటినీ విడదీసి చూడవలసి ఉంటుంది.

దుకాణంలో అమ్మేది ఏ తాబేలు

మన నగరాలలోని పెంపుడు జంతువుల దుకాణాలలో కనిపించే ఆకుపచ్చని పిల్లలు చాలావరకు రెడ్ ఇయర్డ్ స్లైడర్ జాతివి. కంటి వెనుక ఉండే ఎర్రని చార వీటి గుర్తు. అమెరికాలోని మిసిసిపీ నదీ పరీవాహక ప్రాంతం వీటి స్వస్థలం. కొన్నప్పుడు మూడు సెంటీమీటర్లు ఉండే పిల్ల ఆడదైతే కొన్నేళ్ళలో 25 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, మగది అంతకన్నా కొంత చిన్నగా ఉంటుంది. సరిగా చూసుకుంటే ఇరవై, ముప్పై ఏళ్ళు బతుకుతుంది. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఈ జాతిని దృష్టిలో పెట్టుకుని చేసినవి.

చెరువులో దొరికిందనో, పొలం గట్టున కనిపించిందనో ఇంటికి తెచ్చుకునే తాబేళ్ళ సంగతి పూర్తిగా వేరు. మన చెరువులలో ఉండే ఫ్లాప్‌షెల్ తాబేలు, మెట్ట ప్రాంతాల నక్షత్ర తాబేలు రెండూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వీటిని పట్టుకోవడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం జైలు శిక్ష పడే నేరాలు. నక్షత్ర తాబేలు విషయంలో మరో పొరపాటు కూడా జరుగుతుంటుంది. అది నేల మీద బతికే జీవి, దానికి ఈత రాదు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం ఆలయ ప్రాంగణంలో ఆకులు మేస్తూ తిరిగే నక్షత్ర తాబేళ్ళను చూసినవారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. అలాంటి తాబేలును నీటి తొట్టిలో వేస్తే, నీరు ఎంత శుభ్రంగా ఉన్నా అది మునిగి చనిపోతుంది.

చేపల తొట్టి లెక్క తాబేలుకు ఎందుకు సరిపోదు

చేప మొప్పలతో ఊపిరి తీసుకుంటుంది కాబట్టి నీటిలో కరిగిన ప్రతిదీ నేరుగా దాని రక్తాన్ని తాకుతుంది. నీరు చెడితే చేప కొన్ని గంటలలోనే పైకి తేలి నోరు తెరుస్తుంది. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, కాబట్టి చేపను చంపే నీటిలో కూడా అది వారాల తరబడి తిరుగుతూ, తింటూ ఉండగలదు. దీనిని చూసి తాబేలుకు ఎలాంటి నీరైనా ఫరవాలేదని అనుకోవడం సహజమే కానీ, జరిగేదల్లా నష్టం ఆలస్యంగా బయటపడటం. కళ్ళు వాచడం, చర్మం పొరలు పొరలుగా ఊడటం, డిప్ప మీద మెత్తని మచ్చలు ఏర్పడి వాసన రావడం, ఊపిరితిత్తులకు చీము పట్టి ఈదేటప్పుడు ఒక పక్కకు ఒరిగిపోవడం, ఇవన్నీ నెలల తరబడి చెడిన నీటిలో ఉన్న తాబేళ్ళలో తరచుగా కనిపిస్తాయి. వీటిలో కొన్నింటికి విటమిన్ ఎ లోపం, చలి వంటి వేరే కారణాలు కూడా ఉండవచ్చు. అందువల్ల లక్షణాన్ని చూసి నీటినే తప్పుపట్టడం ఎంత తొందరపాటో, నీటిని అసలు పరీక్షించకుండా కంటి చుక్కలు వేయడం అంతే తొందరపాటు.

రెండో తేడా వ్యర్థాల మోతాదు. తాబేలు ఆహారాన్ని గోళ్ళతో చీల్చి తింటుంది. తినేది నీటిలోనే, విసర్జించేది కూడా అక్కడే. అంతే పొడవున్న చేపతో పోలిస్తే దాని బరువు ఎక్కువ, చెత్త కూడా ఎక్కువ. చేపల కోసం తయారైన ఫిల్టర్ పెట్టె మీద వంద లీటర్ల తొట్టికి సరిపోతుందని రాసి ఉంటే, తాబేలు విషయంలో అది ముప్పై, నలభై లీటర్లకు సరిపోతుందని లెక్కవేసుకోవడం పెంపకందారులలో వాడుక.

వరి పొలంలోనూ తొట్టిలోనూ ఒకటే రసాయనం

తాబేలు మూత్రంలో అమ్మోనియా, యూరియా ఉంటాయి. మిగిలిపోయిన ఆహారం కుళ్ళినప్పుడు కూడా అమ్మోనియానే పుడుతుంది. వరి పొలంలో చల్లిన యూరియా నేలలోని సూక్ష్మజీవుల వల్ల అమ్మోనియాగా, ఆ తరువాత నైట్రేట్‌గా మారుతుందని రైతు కుటుంబాల వారికి తెలిసిందే. తొట్టిలో జరిగేది కూడా అదే. మొదట ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ కొద్ది మోతాదులోనే హాని చేస్తాయి. నైట్రేట్ వాటితో పోలిస్తే చాలా సాధువైనది, పెద్ద మోతాదులో పోగుపడితే తప్ప ఇబ్బంది పెట్టదు. ఈ మార్పుల వరుసనే నత్రజని చక్రం అంటారు.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. ఈ మేలు చేసే బ్యాక్టీరియా నీటిలో తేలుతూ ఉండదు. ఫిల్టర్‌లోని స్పాంజికి, సిరామిక్ ముక్కలకు, తొట్టి అడుగుకు, గోడలకు జిగురు పొరలాగా అంటుకుని ఉంటుంది. కొత్త తొట్టిలో ఇది తగినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ లోగా అమ్మోనియాను తగ్గించడానికి ముఖ్యమైన దారి నీటి మార్పే.

అమ్మోనియా ఎంత విషపూరితం అన్నది నీటి పీహెచ్ మీద, అంటే నీరు ఎంత ఆమ్లంగా లేదా క్షారంగా ఉందో చెప్పే అంకె మీద, ఆధారపడి ఉంటుంది. 25 డిగ్రీల వేడిమిలో, పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో దాదాపు 0.6 శాతం మాత్రమే విష రూపంలో ఉంటుంది, మిగిలినది అంతగా హాని చేయని అమ్మోనియం. పీహెచ్ 8 అయితే విష రూపం 5 శాతం దాటుతుంది. నీరు వేడెక్కే కొద్దీ ఈ వాటా ఇంకా పెరుగుతుంది. టెస్ట్ కిట్‌లో ఒకే అంకె చూపిన రెండు తొట్లలో ఒకటి భద్రంగా, మరొకటి ప్రమాదంలో ఉండటానికి ఇదే కారణం.

కంటికి కనిపించేది ఏం చెబుతుంది

అమ్మోనియాకు, నైట్రైట్‌కు, నైట్రేట్‌కు రంగు లేదు. గ్లాసు నీరంత తేటగా ఉన్న తొట్టిలో అమ్మోనియా ప్రమాదకర స్థాయిలో ఉండవచ్చు. దీనికి తిరగబడిన సందర్భం కూడా ఉంది: ఎండ తగిలి నాచుతో పచ్చబడిన నీటిలో అమ్మోనియా చాలా తక్కువగా ఉండవచ్చు, ఎందుకంటే నాచు దానిని ఎరువుగా వాడుకుంటుంది. అయితే ఆ నాచు ఒక్కసారిగా చచ్చి కుళ్ళితే అమ్మోనియా అంతా తిరిగి నీటిలోకి వస్తుంది కాబట్టి పచ్చని నీటిని నమ్ముకోవడానికీ లేదు.

కొత్త తొట్టిలో పాలు కలిపినట్టు తెల్లగా మారే నీరు సాధారణంగా తేలియాడే బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరగడం వల్ల వచ్చేది, కొద్ది రోజులలో అదే తగ్గుతుంది. దానిని చూసి భయపడి మొత్తం కడిగేస్తే, ఫిల్టర్ కుదురుకోవడం మళ్ళీ మొదటికి వస్తుంది. కుళ్ళిన గుడ్డు వాసన మాత్రం తేలికగా తీసుకోవలసినది కాదు. అడుగున పేరుకున్న మడ్డిలో గాలి ఆడక హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతోందని దాని అర్థం. ముక్కు పసిగట్టే ఈ ఒక్క సంగతి విషయంలో ముక్కు కంటికన్నా నమ్మదగినది.

రెండు గ్రాముల ఆహారంతో ఒక లెక్క

పది సెంటీమీటర్ల స్లైడర్‌కు రోజుకు రెండు గ్రాముల పెల్లెట్లు వేస్తున్నారని అనుకుందాం. అందులో 40 శాతం మాంసకృత్తులు ఉంటే అది 0.8 గ్రాములు. మాంసకృత్తులలో దాదాపు 16 శాతం నత్రజని కాబట్టి, రోజుకు 128 మిల్లీగ్రాముల నత్రజని తొట్టిలోకి వెళుతోంది. కొంత తాబేలు ఒంటిలో ఇముడుతుంది. 70 శాతం తిరిగి నీటిలోకి వస్తుందని అనుకుంటే, రోజుకు సుమారు 90 మిల్లీగ్రాములు.

ఇదే తాబేలు 30 లీటర్ల తొట్టిలో ఉంటే ఒక్క రోజులో లీటరుకు 3 మిల్లీగ్రాములు చేరుతాయి. 150 లీటర్ల తొట్టిలో ఉంటే లీటరుకు 0.6 మిల్లీగ్రాములు మాత్రమే. 30 లీటర్ల తొట్టికి సరైన ఫిల్టర్ లేకపోతే, పీహెచ్ 8 ఉన్న నీటిలో ఒక్క రోజు గడిచేసరికి విష రూపంలోని అమ్మోనియా లీటరుకు 0.15 మిల్లీగ్రాముల దగ్గరకు వస్తుంది. చేపల విషయంలో 0.05 దాటితేనే ప్రమాదంగా చూస్తారు.

ఇక ఫిల్టర్ చక్కగా పనిచేస్తోందని, అమ్మోనియా అంతా నైట్రేట్‌గా మారుతోందని అనుకుందాం. ఒక మిల్లీగ్రాము నత్రజని దాదాపు 4.4 మిల్లీగ్రాముల నైట్రేట్ అవుతుంది. 150 లీటర్ల తొట్టిలో రోజుకు 0.6 చొప్పున చేరేది వారానికి లీటరుకు సుమారు 18 మిల్లీగ్రాముల నైట్రేట్. వారానికొకసారి సగం నీరు మారిస్తే, పోయేదీ చేరేదీ సమానమయ్యే చోట ఈ మోతాదు నిలబడుతుంది: మార్చే ముందు 36, మార్చిన తరువాత 18. వారానికి పావు వంతే మారిస్తే నిలబడేది 72 దగ్గర. 30 లీటర్ల తొట్టిలో వారం వారం సగం మార్చినా మార్చే ముందు 180 ఉంటుంది. చేపల పెంపకం నుంచి వచ్చిన వాడుక ప్రకారం లీటరుకు 40 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదంటారు. తాబేళ్ళు అంతకు మించినా తట్టుకుంటాయి కానీ, 180 అన్నది ఏ పెంపకందారూ మంచిదనే అంకె కాదు.

డిప్ప పొడవు ఒక సెంటీమీటరుకు 15 లీటర్ల నీరు ఉండాలని పెంపకందారులు చెప్పుకునే లెక్క ఎక్కడి నుంచి వచ్చినా, దానికి అర్థం ఈ అంకెలలో కనిపిస్తుంది. పెద్ద తొట్టి తాబేలుకు ఈదే చోటు ఇవ్వడంతో పాటు, మనిషి చేసే ఆలస్యాన్ని కూడా కొంత భరిస్తుంది.

మొత్తం మార్చాలా, కొంత మార్చాలా

మొత్తం నీరు మార్చాలనేవారి వాదనలో బలం ఉంది. ఫిల్టర్ లేని చిన్న టబ్బులో కాపాడుకోవలసిన బ్యాక్టీరియా పొర పెద్దగా ఉండదు. పది లీటర్ల టబ్బులోని చిన్న పిల్లకు రోజుకు 0.3 గ్రాముల ఆహారం వేసినా, పై లెక్క ప్రకారం లీటరుకు 1.3 మిల్లీగ్రాముల నత్రజని రోజూ చేరుతుంది. అలాంటి చోట రోజూ పారబోయడం తప్ప మరో మార్గం లేదు. దుకాణదారు చెప్పే సలహా ఈ స్థితికి సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే దుకాణంలో ఉన్నది ఆ టబ్బే.

పాక్షికంగా మార్చాలనేవారిది ఫిల్టర్ ఉన్న తొట్టి. మొత్తం పారబోసి, గోడలు రుద్ది, స్పాంజిని కుళాయి కింద పిండి కడిగితే అంటుకుని ఉన్న బ్యాక్టీరియా చాలావరకు పోతుంది. మరునాటి నుంచి అమ్మోనియా పెరగడం మొదలవుతుంది. వాసన వచ్చిందని మళ్ళీ కడుగుతారు. ఇలా శుభ్రం చేసే కొద్దీ త్వరగా చెడే తొట్లు చాలా ఇళ్ళలో ఉన్నాయి. వేడిమిలో వచ్చే మార్పు కూడా చిన్న విషయం కాదు. మే నెల మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీరు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటుంది, డిసెంబరు తెల్లవారుజామున ఆదిలాబాద్‌లో అదే కుళాయి నీరు వణికిస్తుంది. సగం మారిస్తే ఆ తేడా సగమే తగులుతుంది.

అయితే పాక్షిక మార్పు వాదంలో కూడా ఒక లోపం తరచుగా కనిపిస్తుంది. పై నుంచి మగ్గుతో నీరు తోడి పోయడాన్ని పాక్షిక మార్పుగా లెక్కించడం ఆ లోపం. వ్యర్థాలలో బరువైనదంతా అడుగున మడ్డిగా ఉంటుంది, సైఫన్ గొట్టంతో అడుగు నుంచి తీస్తే తప్ప అది అక్కడే కుళ్ళుతూ ఉంటుంది. రెండు వాదాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు బలంగా తోచేది ఇది: ఫిల్టర్ ఉందా, ఎన్ని లీటర్లు, ఎంత ఆహారం అన్న మూడు అంకెలు చెప్పకుండా రోజులలో ఇచ్చే ఏ సలహా అయినా అసంపూర్ణమే.

తాబేలును వేరే టబ్బులో పెట్టి తినిపించడం మీద కూడా ఇలాంటి వివాదమే ఉంది. మిగిలిన ఆహారం ప్రధాన తొట్టిలో పడదు కాబట్టి నీరు తేటగా ఉంటుందన్నది నిజం. కానీ తిన్నది తరువాత ప్రధాన తొట్టిలోనే విసర్జన అవుతుంది కాబట్టి, ఆదా అయ్యేది ముఖ్యంగా తినకుండా వదిలేసిన వాటాయే. రోజూ చేతితో ఎత్తడం వల్ల తాబేలు బెదురుతుంది, మనిషి చేతికి క్రిములు అంటుకునే అవకాశమూ పెరుగుతుంది.

కుళాయి నీరు, బోరు నీరు, ఆర్వో నీరు

కుళాయి నీటిలో క్రిములను చంపడానికి క్లోరిన్ కలుపుతారు. భారత ప్రమాణాల ప్రకారం సరఫరా నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మనుషులకు మేలు చేసే ఈ క్లోరిన్ ఫిల్టర్‌లోని బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. వెడల్పాటి పాత్రలో ఒక రోజు ఉంచితే చాలావరకు ఎగిరిపోతుంది. దుకాణాలలో యాంటీ క్లోర్ పేరుతో అమ్మే సోడియం థయోసల్ఫేట్ వెంటనే దానిని విరిచేస్తుంది.

బోరు నీటిలో క్లోరిన్ ఉండదు కాబట్టి అదే మంచిదని చాలామంది అనుకుంటారు. అయితే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని పలు జిల్లాల భూగర్భ జలాలలో తాగునీటి పరిమితి అయిన 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేట్ నమోదవుతూ వస్తోంది. ఎరువులు, మురుగు ఇంకడం దీనికి ముఖ్య కారణాలు. పై లెక్కలో వచ్చిన 36 అన్న అంకె కొత్త నీటిలో నైట్రేట్ అసలు లేదనుకుని వేసింది. కొత్త నీటిలోనే 45 ఉంటే, మార్చే ముందు తొట్టిలో ఉండేది 81. ఎంత తరచుగా మార్చినా 45 కన్నా కిందికి రాదు. ఇలాంటి ఇంట్లో నీరు మార్చడం వల్ల ఫలితం లేదని విసుగు చెందడం కన్నా, ముందు బోరు నీటినే ఒకసారి పరీక్షించడం వల్ల అసలు సంగతి తెలుస్తుంది. నీటి రంగు, రుచి ఏవీ దీనిని చెప్పలేవు. ఇంకొక చిక్కు ఏమిటంటే, బోరు నీటి పీహెచ్ సాధారణంగా 7.5 దాటి ఉంటుంది కాబట్టి అమ్మోనియాలో విష రూపం వాటా కూడా అందులో ఎక్కువ.

ఆర్వో నీరు ఈ రెండు సమస్యలనూ తప్పిస్తుంది కానీ వేరొకటి తెస్తుంది. బ్యాక్టీరియా ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చినప్పుడల్లా నీటిలోని క్షారత (పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం) దాదాపు 7 మిల్లీగ్రాములు ఖర్చవుతుంది. మన 150 లీటర్ల తొట్టిలో ఇది వారానికి లీటరుకు 30 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. బోరు నీటిలో క్షారత 200 దాటి ఉండటం మామూలే కాబట్టి అక్కడ లోటు తెలియదు. ఆర్వో నీటిలో ఉండే కొద్దిపాటి క్షారత ఒక వారంలోనే అయిపోయి, పీహెచ్ పడిపోయి, బ్యాక్టీరియా పని మందగిస్తుంది. బోరు నీటిని, ఆర్వో నీటిని కలిపి వాడేవారు ఈ రెండు చివరల మధ్య దారిని వెతుకుతున్నట్టే.

కరెంటు పోయినప్పుడు ఫిల్టర్‌లో జరిగేది

మేలు చేసే బ్యాక్టీరియాకు నిరంతరం ప్రాణవాయువు కావాలి. మూత బిగించి ఉండే క్యానిస్టర్ ఫిల్టర్‌లో కరెంటు పోయిన కొన్ని గంటలకు లోపలి నీటిలో ప్రాణవాయువు అయిపోతుంది. బ్యాక్టీరియా చావడం, లోపలి మడ్డి కుళ్ళడం మొదలవుతాయి. రోజంతా ఆగిన ఫిల్టర్ కరెంటు రాగానే దానంతట అదే నడిస్తే, ఆ చెడిన నీరంతా తొట్టిలోకి వస్తుంది. అందుకే పొడవైన కోత తరువాత ఫిల్టర్‌ను తెరిచి లోపలి నీరు పారబోసి, స్పాంజిని తొట్టి నీటిలోనే జాడించి మళ్ళీ నడపడం అనుభవజ్ఞుల అలవాటు.

శుభ్రమైన తొట్టిలోనూ సాల్మొనెల్లా

ఇంతవరకు చెప్పుకున్నది తాబేలు ఆరోగ్యం గురించి. మూడో ప్రశ్న మనుషులది. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా తాబేళ్ళ పేగులలో వాటికి ఏ హానీ చేయకుండా ఉండగలదు. తాబేలు దానిని అప్పుడప్పుడు మాత్రమే విసర్జిస్తుంది కాబట్టి, ఒకసారి పరీక్షలో కనిపించకపోతే లేదని అర్థం కాదు. నీటిలో, డిప్ప మీద, తొట్టి గోడల మీద అది ఉంటుంది. మనుషుల నోటికి చేరితే ఆరు గంటల నుంచి ఆరు రోజుల లోపు విరేచనాలు, జ్వరం, కడుపునొప్పి వస్తాయి. ఐదేళ్ళ లోపు పిల్లలలో, వృద్ధులలో, రోగనిరోధక శక్తి తగ్గినవారిలో అది రక్తంలోకి పాకి ప్రాణాల మీదికి రావచ్చు.

అమెరికాలో దీని చరిత్ర పెద్దది. అక్కడ చిన్న తాబేళ్ళు పిల్లల బొమ్మల్లా అమ్ముడుపోయే రోజులలో సాల్మొనెల్లా కేసులు విపరీతంగా పెరగడంతో, 1975లో నాలుగు అంగుళాల కన్నా తక్కువ డిప్ప ఉన్న తాబేళ్ళను పెంపకానికి అమ్మడాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఏటా లక్ష మంది పిల్లలకు సోకకుండా ఈ నిషేధం ఆపిందని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అంచనా. పెద్ద తాబేళ్ళలో కూడా సాల్మొనెల్లా ఉంటుంది కదా, చిన్నవాటినే ఎందుకు నిషేధించాలని తాబేళ్ళ పెంపకం వ్యాపారులు వాదించారు. చిన్నదాన్ని పసిపిల్లలు నోట్లో పెట్టుకోగలరు, ముద్దాడగలరు అన్నది ప్రభుత్వ వైపు సమాధానం. క్రిమి రహిత తాబేళ్ళను పుట్టించాలని లూసియానాలోని పెంపక కేంద్రాలు గుడ్లను జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్‌లో ముంచే పద్ధతిని ప్రయత్నించాయి. కొంతకాలానికి ఆ మందుకు లొంగని సాల్మొనెల్లా రకాలు బయలుదేరాయి. ఇంట్లో తాబేలుకు యాంటీబయాటిక్ ఇచ్చి సాల్మొనెల్లాను పోగొట్టుకోవచ్చా అని అడిగేవారికి ఈ అనుభవమే జవాబు. ఆ పరిమాణ నిబంధన అమెరికాది. ఇక్కడి దుకాణాలలో కనిపించేవి ఎక్కువగా అంతకన్నా చిన్న పిల్లలే.

తొట్టి నీటిని అమ్మోనియా లేకుండా, నైట్రేట్ తక్కువగా, అద్దంలా ఉంచినా ఈ మూడో ప్రశ్నకు సమాధానం మారదు. ఫిల్టర్‌కు జోడించే అతినీలలోహిత దీపం తన గుండా పారే నీటిలోని నాచును, క్రిములను చంపుతుంది. గోడలకు అంటుకున్నవాటిని, తాబేలు పేగులలో ఉన్నవాటిని అది ముట్టుకోలేదు, అమ్మోనియాను తగ్గించలేదు. మనిషికి రక్షణ తొట్టి బయటే ఉంది: సబ్బుతో చేతులు కడుక్కోవడం, తొట్టి సామాన్లను వంటింటి సింకులో కడగకపోవడం, సైఫన్ గొట్టాన్ని నోటితో పీల్చకపోవడం. పారబోసే నీటిలో నైట్రేట్ ఉంటుంది కాబట్టి పూల మొక్కలకు అది మంచి ఎరువే. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా కుండీలలో పోయడం మాత్రం క్రిములను కంచం దాకా తేవడమే.

క్రిములకు భయపడి బ్లీచింగ్‌తో, ఫినాయిల్‌తో తొట్టిని కడిగేవారూ ఉన్నారు. జబ్బుపడిన తాబేలు ఉన్న తొట్టిని బ్లీచింగ్ ద్రావణంతో కడిగి, ఎన్నోసార్లు జాడించి, ఆరబెట్టి వాడటంలో అర్థం ఉంది, అయితే ఆ తరువాత బ్యాక్టీరియా పొర మళ్ళీ మొదటి నుంచి పెరగాలి. తాబేలు వ్యర్థాలు నిండిన నీటిలో నేరుగా బ్లీచింగ్ పోస్తే, అమ్మోనియాతో కలిసి ఊపిరితిత్తులకు హాని చేసే క్లోరమైన్ వాయువులు పుడతాయి. మరుగుదొడ్డి కడిగే ఆమ్లంతో కలిస్తే క్లోరిన్ వాయువే వస్తుంది. ఫినాల్ కలిసిన ద్రావణాలు తాబేళ్ళకు విషం.

నీరు బాగున్నా ప్రమాదం చేసే వస్తువులు

తొట్టి అడుగున అందం కోసం పరిచే సన్నని గులకరాళ్ళను తాబేళ్ళు మింగుతాయి. అవి పేగులో అడ్డుపడి ప్రాణం తీయగలవు. రాళ్ళు తాబేలు తల కన్నా పెద్దవిగా ఉంటే ఈ ప్రమాదం ఉండదు. అడుగు ఖాళీగా వదిలేవారు మడ్డి తీయడం తేలికని అంటారు, రాళ్ళు కావాలనేవారు బ్యాక్టీరియాకు చోటు దొరుకుతుందని అంటారు. మంచి ఫిల్టర్ ఉన్నప్పుడు రెండో కారణానికి బలం తక్కువ.

గాజు హీటర్‌ను పెద్ద తాబేలు ఢీకొట్టి పగలగొట్టగలదు. నీరు తోడేటప్పుడు హీటర్ ఆపకపోతే గాలిలోకి తేలిన భాగం కాలి పగులుతుంది. పగిలిన హీటర్ ఉన్న నీటిలో చేయి పెట్టిన మనిషికి షాక్ తగులుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఉన్న ఇంట్లో అలాంటి షాక్ ప్రాణాంతకం కాకముందే కరెంటు తెగిపోతుంది. పైగా తెలుగు నాట ఏడాదిలో చాలా నెలలు గది నీరే 25 డిగ్రీలకు పైన ఉంటుంది కాబట్టి, హీటర్ అవసరం చాలా ఇళ్ళలో చలికాలానికే పరిమితం.

తాబేలు ఒంటిని పూర్తిగా ఆరబెట్టుకోవడానికి పొడిగా ఉండే తిన్నె లేకపోతే, ఎంత మంచి నీటిలోనైనా డిప్పకు బూజు, కుళ్ళు పట్టే అవకాశం పెరుగుతుంది. ఆ తిన్నె మీద దానికి కావలసింది యూవీబీ కిరణాలు. వాటితోనే ఒంట్లో విటమిన్ డి3 తయారై, డిప్ప గట్టిపడుతుంది. కిటికీ అద్దం యూవీబీని ఆపేస్తుంది కాబట్టి అద్దం వెనుక ఎండలో పెట్టిన తొట్టికి వేడి దక్కుతుంది, మేలు దక్కదు. ఏప్రిల్ ఎండలో అలాంటి తొట్టి నీరు నలభై డిగ్రీల వైపు వెళ్ళగలదు, నీడకు పోయే చోటు లేకపోతే తాబేలు చనిపోతుంది. నీటిని శుద్ధిచేసే దీపం యూవీసీది. దానిని తాబేలు మీద వెలిగిస్తే కళ్ళు దెబ్బతింటాయి.

పిల్ల పెద్దదైనప్పుడు

సెంటీమీటరుకు 15 లీటర్ల లెక్కను 25 సెంటీమీటర్ల ఆడ తాబేలుకు వేస్తే 375 లీటర్లు అవుతుంది. నీటి బరువే 375 కిలోలు, అద్దం, స్టాండు కలిపితే 400 దాటుతుంది. సగం మార్చాలంటే వారం వారం దాదాపు 190 లీటర్లు, వేసవిలో ట్యాంకర్ల మీద ఆధారపడే అపార్ట్‌మెంటులో ఇది చిన్న మాట కాదు. కొనేటప్పుడు నాణెమంత పిల్లకు ఎవరూ ఈ లెక్క చెప్పరు.

చాలా తాబేళ్ళు ఈ దశలోనే చెరువుల పాలవుతాయి. నీటి తాబేలును నీటిలోనే వదిలాం కదా అన్న భావన, కూర్మావతారం మీది భక్తితో గుడి కోనేటిలో వదలడం పుణ్యమన్న నమ్మకం అందుకు తోడవుతాయి. కానీ ప్రపంచంలో అత్యంత హాని చేసే నూరు చొరబాటు జాతుల జాబితాలో రెడ్ ఇయర్డ్ స్లైడర్ ఉంది. ఐరోపా సమాఖ్య 1997లోనే దీని దిగుమతిని ఆపింది. మన దేశంలో కేరళలోని కాలువలలో, గువాహటిలోని ఉగ్రతారా ఆలయ కోనేటిలో ఇవి కనిపించాయి. ఎండ కాచుకునే చోటు కోసం, ఆహారం కోసం ఇవి స్థానిక తాబేళ్ళతో పోటీ పడతాయి, తొట్టిలో పట్టిన రోగాలను వాటికి అంటించగలవు. కేరళ అటవీ పరిశోధన సంస్థ ఈ తాబేళ్ళను నీటిలో వదలవద్దని, తమకు అప్పగించమని అక్కడి ప్రజలను కోరింది. తెలుగు రాష్ట్రాలలో పెంచలేని స్థితి వచ్చినవారికి మిగిలే దారులు తగిన తొట్టి ఉన్న మరో పెంపకందారును వెతకడం, లేదా జంతు సంరక్షణ సంస్థలను, అటవీ శాఖ అధికారులను సంప్రదించడం. దత్తతకు తీసుకునేవారు దొరకడం కష్టమే, ఎందుకంటే వారికి కూడా ఆ 375 లీటర్లు కావాలి.